ధనుర్మాసంలో నాటకం: పాంటోమైమ్ నిర్మాత పనిని నల్లగొండ, పాలమూరులలో చేయడం ఎలా

నాటకం ఆడేవాళ్లు వేరు, ఆడించేవాళ్లు వేరు. దక్షిణ తెలంగాణ ఊళ్లలో ఆడేవాళ్లకు ఎప్పుడూ కొదవ లేదు. పొలం పనులు తగ్గిన రోజుల్లో నాటకం పంతులును ఊరికి పిలిపించుకొని, రాత్రిపూట హార్మోనియం ముందు కూర్చొని రాయబారం పద్యాలో కాటిసీను పద్యాలో కంఠతా పట్టిన రైతులు, దర్జీలు, బడిపంతుళ్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఇప్పటికీ తారసపడతారు. లేనిదల్లా ఆడించేవాడు. అంటే తేదీ నిర్ణయించి, హాలు మాట్లాడి, డబ్బు కూర్చి, టికెట్టు అమ్మి, చివరి రోజున అందరి లెక్కలూ తేల్చి, అప్పటికి చేతిలో ఏమైనా మిగిలితే దాన్ని తన సంపాదన అనుకొనే మనిషి. చందాలతో, సర్పంచ్ గారి దయతో ఒక్క రాత్రి నాటకం వేయడం మనకు తెలిసిన పద్ధతే. ఏటా అదే సమయానికి, టికెట్టు మీద, నష్టం లేకుండా వేయడం ఎలాగో తెలియాలంటే బ్రిటన్‌లోని పాంటోమైమ్ నిర్మాతల పనిని గమనించడం మేలు.

పాంటోమైమ్ అనగానే మనకు మూకాభినయం గుర్తుకు వస్తుంది. బ్రిటన్‌లో ఆ మాటకు అర్థం పూర్తిగా వేరు. అక్కడ అది నవంబరు చివర మొదలై జనవరి దాకా ఊరూరా ఆడే పిల్లల పండుగ నాటకం. సిండ్రెల్లా, అల్లాద్దీన్ వంటి అందరికీ తెలిసిన కథకు పాటలు, హాస్యం, ఊరి కబుర్లు జోడించి ఇంటిల్లిపాదీ చూసేలా ఆడతారు. ముసలమ్మ వేషం మగవాడు వేస్తాడు. రాజకుమారుడి వేషం ఆడమనిషి వేయడం పాత ఆచారం. స్త్రీ పాత్రలకే పేరుపొంది 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావును ఎరిగిన మనకు ఇందులో వింతేమీ లేదు. ప్రేక్షకులు ఊరకే కూర్చోరు. దుష్టుడు వెనక నుంచి వస్తుంటే, ‘నీ వెనకాలే ఉన్నాడు’ అని పిల్లలంతా అరుస్తారు. పద్యం నచ్చితే ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసి నటుడి చేత మళ్లీ పాడించుకొనే మన జనానికి ఈ పద్ధతి నేర్పవలసిన పని లేదు.

ఈ రూపానికి నేటి ఆర్భాటం తెచ్చిన నిర్మాతగా అగస్టస్ హారిస్ పేరు చెబుతారు. ఆయన 1879లో, ఇరవై ఏడేళ్ల వయసులో, చేతిలో చెప్పుకోదగ్గ సొమ్ము లేకుండానే లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటరును కౌలుకు తీసుకున్నాడు. అంత పెద్ద థియేటరును ఏడాది పొడవునా నింపడం ఎవరి తరమూ కాదు కనుక ఆయన ఏడాదిని ముక్కలు చేసుకున్నాడు: శరదృతువులో భారీ సెట్టింగులతో మెలోడ్రామా, క్రిస్మస్‌కు పాంటోమైమ్. మ్యూజిక్ హాళ్లనే పాటల, హాస్యపు వినోదశాలల్లో జనం అప్పటికే మెచ్చిన గాయకులను, హాస్యగాళ్లను తెచ్చి నాటకంలో పెట్టాడు. 1888లో డ్రూరీ లేన్‌కు వచ్చిన డాన్ లీనో అక్కడి ముసలమ్మ వేషాలకు మారుపేరయ్యాడు. ఏళ్ల తరబడి అక్కడ పాంటోమైమ్‌లు రాసిన బ్లాంచర్డ్‌కు మాత్రం తన రచనను ఇలా మార్చడం నచ్చలేదు. ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. 1896లో నలభై నాలుగేళ్లకే హారిస్ చనిపోయాడు. ఆ జీవితంలో ఆడంబరం కంటే నన్ను ఎక్కువ ఆకట్టుకొనేది ఆయన తేదీ పట్టుదల. డిసెంబరులో తెర లేవాలంటే ఏ పని ఏ నెలలో ముగియాలో వెనక నుంచి లెక్కించుకొంటూ రావడమే నిర్మాత పనిలో సగం.

కనుక మొదట తేదీ. మన దగ్గర అందరూ జాతరనే అనుకొంటారు. దీపావళి తర్వాత కురుమూర్తి, మాఘంలో చెరువుగట్టు అంటూ జనం వేలల్లో కూడే సందర్భాలు ఉన్నాయి, నిజమే. అయితే జాతరకు వచ్చినవాడు దేవుణ్ణి చూసి, రంగులరాట్నం ఎక్కి, మిఠాయి కొని వెళతాడు. రెండు గంటలు టికెట్టు కొని కూర్చోడు. దసరా సెలవులు పొడవైనవే అయినా ఆ సాయంత్రాలన్నీ బతుకమ్మవి. నా అనుభవంలో ఈ పనికి సరైన సమయం ధనుర్మాసం, అందులోనూ సంక్రాంతి సెలవుల ముందువెనకలు. వానకాలం వరి అప్పటికి అమ్ముడై ఉంటుంది, పత్తి ఏరుడు చాలావరకు ముగుస్తుంది, వాన భయం ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, పెళ్లి ముహూర్తాలు ఉండవు. మాఘంలో అడిగితే దొరకని ఫంక్షన్ హాలు ధనుర్మాసంలో ఖాళీగా ఉంటుంది. ‘ఈ నెలల మాకేం పనుంటది సారూ, కుర్చీలన్నీ గోదాంల పడి ఉంటయి’ అని ఒక టెంట్ హౌస్ యజమాని తానే అద్దె తగ్గించి చెప్పాడు. వంటవాళ్లు, లైటింగు వాళ్లు, బ్యాండు వాళ్లు అందరి పరిస్థితీ అంతే. బ్రిటిష్ పాంటోమైమ్ సీజను, మన ధనుర్మాసం దాదాపు ఒకే వేళకు వస్తాయన్నది యాదృచ్ఛికమే కావచ్చు. బేరమాడేవాడికి మాత్రం అది వరం.

తేదీ కుదిరాక డబ్బు. నిర్మాతగా నిలవాలనుకొనేవారు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడాలి. అంకెలు నేను ఊహించి పెట్టినవే. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. హాలులో 400 కుర్చీలున్నాయనుకొందాం. అన్నీ నిండుతాయని లెక్కించినవాడు రెండో ఏడు నాటకం వేయడు కనుక 240 మందినే లెక్కలోకి తీసుకొందాం. పిల్లలకు సగం టికెట్టు పోగా సగటున మనిషికి 80 రూపాయలు వస్తే ఒక ఆటకు 19,200. తెరలు, దుస్తులు, రచన, రిహార్సళ్ల భోజనాలు కలిపి ఒక్కసారి పెట్టే ఖర్చు 60,000, ప్రతి ఆటకూ అయ్యే హాలు, మైకు, నటుల ఖర్చు 7,000 అనుకొంటే, ఒక్క ఆట వేసి ఊరుకొన్నవాడికి 47,800 నష్టం. నాలుగు ఆటలు వేసినా 11,200 నష్టమే. అయిదో ఆటకు వెయ్యి రూపాయలు మిగులుతాయి, ఆరో ఆటకు 13,200. బ్రిటన్‌లో పాంటోమైమ్‌ను వారాల తరబడి, తరచుగా రోజుకు రెండేసి ఆటలు ఎందుకు వేస్తారో ఈ చిన్న లెక్కే చెబుతుంది. ఒక ఊళ్లో ఆడిన సెట్టును, దుస్తులను దాచి మరుసటి ఏడు వేరే ఊరికి పంపే అలవాటు కూడా అక్కడి కంపెనీలకు ఈ లెక్కతోనే వచ్చింది. ఈ ఏడు నల్లగొండలో వాడిన తెరలు వచ్చే ఏడు వనపర్తికో దేవరకొండకో వెళితే ఆ 60,000లో సగానికి పైగా మిగిలినట్టే. 1885లో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు తరాలుగా తమ తెరలను, సామగ్రిని వెంట తీసుకొని తిరిగారు. మనవాళ్లకు ఇది కొత్త విద్య కాదు.

టికెట్టు ధర 500 రూపాయలకు మించకపోతే నాటక ప్రదర్శన ప్రవేశ రుసుముకు జీఎస్‌టీ మినహాయింపు ఉంది. మన ఊళ్లలో ఆ హద్దు దాటే ప్రమాదం ఎవరికీ లేదు.

కథ ఎంచుకోవడంలో పాంటోమైమ్ వాళ్ల తెలివి గమనించదగ్గది. వాళ్ల కథలు ఎవరి సొత్తూ కావు. మనకూ పేదరాసి పెద్దమ్మ కథలు, పురాణ కథలు ఉన్నాయి. అయితే ఒక రచయిత రాసిన నాటకాన్ని యథాతథంగా ఆడదలిస్తే, మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కులు ఆయన వారసులవేనని గుర్తుంచుకొని ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. కథ పాతదే అయినా హాస్యం మాత్రం ఊరిదే కావాలి. పల్లెవెలుగు బస్సు కోసం ఎదురుచూసే రాక్షసుడు, మిర్యాలగూడ రైసు మిల్లులో పని అడిగే రాజకుమారుడు నవ్వు పుట్టించినట్టు హైదరాబాదు జోకు పుట్టించదు. ఊరు మారితే ఆ మాటలూ మార్చాలి. వాటి కోసం రచయిత ఒక పూట ఆ ఊరి బస్టాండులో కూర్చోవాలి.

హాలును అద్దెకు తీసుకొనే ముందు నిర్మాత స్వయంగా వెళ్లి చిట్టచివరి వరుసలో, పిల్లవాడి ఎత్తుకు వంగి కూర్చొని చూడాలి. ఫంక్షన్ హాళ్లు పెళ్లి కోసం కట్టినవి. నేల చదునుగా ఉంటుంది, వేదిక ఎత్తు తక్కువ, గోడలన్నీ నున్నటి రాయి కావడంతో మాట ప్రతిధ్వనిస్తుంది. నటుల మోకాళ్లు కనబడకపోతే వేదిక మీద మరో వరుస బల్లలు వేయించాలి. ప్రతిధ్వనికి మూడు వైపులా టెంటు గుడ్డలు వేలాడదీయడం చవకైన మందు. ఆరుబయట వేయదలచినవారు ధ్వని కాలుష్య నియమాలను మరువకూడదు. 2000 సంవత్సరపు ఆ నియమాల ప్రకారం బహిరంగ స్థలాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు నిషేధం. తెల్లవార్లూ ఆడే మన పాత అలవాటుకు ఇది గొడ్డలిపెట్టే గానీ, పిల్లల నాటకానికి ఉదయం 11కు ఒక ఆట, సాయంత్రం 5కు ఒక ఆట చాలు. సాయంత్రం ఆట చూసినవారికి తిరుగు బస్సు దొరకాలి కదా. పోలీసు స్టేషనులో మైకు అనుమతికి దరఖాస్తు ముందుగానే ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.

వేదిక మీద పాంటోమైమ్ నుంచి ఎత్తుకోదగ్గ ఉపాయం ఒకటుంది. లోపల సెట్టు మారుతున్నంతసేపు ముందు తెర దించి, దాని ముందున్న మూడు నాలుగు అడుగుల జాగాలో హాస్యగాడి చేత ఆట నడిపిస్తారు. ముగింపు పెళ్లి రంగానికి ముందు పాట చరణాలు పెద్ద అక్షరాలతో రాసిన గుడ్డ దించి, హాలును రెండు జట్లుగా విడదీసి ఎవరు గట్టిగా పాడతారో చూద్దామంటారు. పిల్లలు గొంతులు చించుకొంటున్న ఆ అయిదు నిమిషాల్లో తెర వెనక సుత్తి దెబ్బలు ఎవరికీ వినబడవు. మన నాటకాల్లో సీను మారేటప్పుడు హార్మోనియం మాత్రమే మోగుతూ జనం బయటికి బీడీలకు లేచిపోయే చోట ఈ గుడ్డ ముక్క ఎంత పని చేస్తుందో ఆడించి చూస్తేనే తెలుస్తుంది.

దుస్తుల విషయంలో నాకు తగిలిన దెబ్బ చెప్పాలి. ఒకసారి డ్రెస్సులు అద్దెకిచ్చే దుకాణానికి ఫోనులోనే జాబితా చెప్పి బయానా పంపి నిశ్చింతగా ఉన్నాను. ఆట రోజు ఉదయం ట్రంకు పెట్టె తెరిస్తే ఇద్దరు రాజులకు ఒకే కిరీటం ఉంది. ఒక రాజు లోపలికి రాగానే కిరీటం ఊడబీకి ఇంకో రాజు తల మీద పెట్టి తోయవలసి వచ్చింది. రెండోసారికే ముందు వరుసలోని పిల్లవాడొకడు ‘అగో, అదే కిరీటం!’ అని అరిచాడు; హాలంతా నవ్వింది. మరుసటి ఆటలో కావాలనే ఆ మాట రాజు నోట పెట్టించాము. అలా పొరపాటే కలిసి వచ్చింది గానీ, అప్పటి నుంచి పెట్టెను రెండు రోజుల ముందే తెప్పించి, జాబితా చేతిలో పట్టుకొని ఒక్కో వస్తువుకు టిక్కు పెట్టనిదే బాకీ సొమ్ము కట్టడం లేదు.

టికెట్లు అమ్మడానికి గోడ పోస్టర్ల కంటే బడులు నమ్మదగినవి. డిసెంబరు మొదట్లోనే ప్రధానోపాధ్యాయులను కలిసి, ముప్పై మంది పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉచితం అన్న పద్ధతిలో ఉదయం ఆటను బడులకే కేటాయించండి. పదో తరగతి వాళ్ల జోలికి వెళ్లవద్దు; మార్చి పరీక్షల పేరు చెప్పి ఎవరూ పంపరు. బడితో వచ్చి చూసిన పిల్లవాడు ఇంట్లో పోరుపెట్టి అమ్మానాన్నలను సాయంత్రం ఆటకు లాక్కొస్తాడు, అప్పుడు వచ్చేది పూర్తి టికెట్టు.

చివరి ఆట ముగిసిన రాత్రి తెరలు మడవక ముందే తబలా వాయించినవారితో మొదలుపెట్టి అందరికీ వారి వారి సొమ్ము కవర్లలో అందించి సంతకాలు తీసుకోవాలి. బ్రిటన్‌లో చాలా థియేటర్లు ఈ ఏడాది పాంటోమైమ్ ఆడుతుండగానే వచ్చే ఏడాది టికెట్లు అమ్మకానికి పెడతాయి. మనం అంత దూరం వెళ్లలేకపోయినా, హాలు తాళాలు తిరిగి ఇచ్చేటప్పుడు వచ్చే ధనుర్మాసానికి అవే తేదీలు చెప్పి, యజమాని చేతిలో బయానా పెట్టి, రసీదు తీసుకొని రావచ్చు.