సెలైన్ పోషణ బ్యాగులో విటమిన్లు, ట్రేస్ ఎలిమెంట్లు కలపడం: పెద్దవాళ్ల మోతాదులు, జాగ్రత్తలు

నోటితో తినలేనివాళ్లకు నరం ద్వారా ఎక్కించే మూడు గదుల రెడీమేడ్ పోషణ బ్యాగు చూస్తే అన్నీ అందులోనే ఉన్నాయనిపిస్తుంది. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు ఉంటాయి. చాలావాటిలో లవణాలూ ఉంటాయి. విటమిన్లు మాత్రం ఉండవు. కొన్నింటిలో ఉండే కాస్త జింకు తప్ప ట్రేస్ ఎలిమెంట్లూ (ఒంటికి అతి కొద్దిగా కావలసిన ఖనిజాలు) ఉండవు. ఆర్డరులో బ్యాగు పేరొక్కటే రాస్తే రోగికి ఇవేవీ అందవు. అందుకే మొదటి రోజు నుంచే, ప్రతి రోజూ, రెండింటినీ పేరుపెట్టి రాయాలి.

అన్నిటికంటే ముందు తొందరపెట్టేది థయమిన్ (బి1). గ్లూకోజు నుంచి వచ్చే పైరువేట్ ముందుకు కదలాలంటే ఇది కావాలి. ఇది లేకపోతే పైరువేట్ లాక్టేటుగా మారి పేరుకుపోతుంది. 1997లో అమెరికాలో మల్టీవిటమిన్ ఇంజెక్షన్ల కొరత వచ్చినప్పుడు, అవి లేకుండా పోషణ ఎక్కించిన రోగుల్లో లాక్టిక్ ఆసిడోసిస్ (లాక్టేటు పేరుకుని రక్తంలో ఆమ్లం పెరగడం) బయటపడింది. దానికి ఆమ్లాన్ని తగ్గించే బైకార్బొనేట్ ఎంత పోసినా లాభం ఉండదు, థయమినే ఇవ్వాలి. రోజుల తరబడి తిండి లేనివాళ్లకు, మద్యం అలవాటున్నవాళ్లకు, వాంతులతో చిక్కిపోయినవాళ్లకు గ్లూకోజు మొదలుపెట్టకముందే 100 నుంచి 300 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించండి. తర్వాత కనీసం 5 నుంచి 7 రోజులు రోజూ కొనసాగించండి.

రోజువారీ విటమిన్లకు 2000లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సవరించిన మోతాదులు మంచి కొలమానం: బి1 6 మిల్లీగ్రాములు, బి6 6 మిల్లీగ్రాములు, సి 200 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 600 మైక్రోగ్రాములు, బి12 5 మైక్రోగ్రాములు, కె 150 మైక్రోగ్రాములు. కొన్ని ఉత్పత్తుల్లో కె ఉండదు, లేబుల్ చూసుకోండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. ట్రేస్ ఎలిమెంట్లలో రోజుకు జింకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు, రాగి 0.3 నుంచి 0.5 మిల్లీగ్రాములు, సెలీనియం 60 నుంచి 100 మైక్రోగ్రాములు, మాంగనీసు 55 మైక్రోగ్రాములు. మిల్లీకి బదులు మైక్రో, మైక్రోకు బదులు మిల్లీ పడితే తేడా వెయ్యి రెట్లు. అందుకే ఆర్డరులో పొడి అక్షరాలు వద్దు, పూర్తి మాట రాయండి.

కలిపేటప్పుడు ముందుగా బ్యాగు గదుల మధ్య అతుకులు విప్పి, రెండు మూడుసార్లు తలకిందులు చేసి బాగా కలవనివ్వండి. తర్వాత ట్రేస్ ఎలిమెంట్లు, మళ్లీ కలపడం, విటమిన్లు చివర. రెండింటికీ వేర్వేరు సిరంజిలు తీసుకోవాలి. నేరుగా ఒకదానిలో ఒకటి కలిస్తే రాగి విటమిన్ సిని తినేస్తుంది. బ్యాగులో పలచబడ్డాక కూడా ఆ పని ఆగదు, మందగిస్తుందంతే. అందుకే విటమిన్లను ఎక్కించే ముందే కలపాలి. నీటిలో కరిగే విటమిన్ల పొడిని కొవ్వులో కరిగే విటమిన్ల ఎమల్షన్‌తోనే (నూనె బిందువులు నీటిలో కలిసిన ద్రవం) కరిగించవచ్చని లేబుల్ చెబితే, ఆ తెల్లటి ద్రవం కొవ్వు ఉన్న బ్యాగుకే. కొవ్వు లేని బ్యాగుకైతే పొడిని ఇంజెక్షన్ నీటితో కరిగించాలి. కొవ్వున్న బ్యాగులో ఐరన్ డెక్స్‌ట్రాన్ (ఇనుము ఇంజెక్షన్) వేయొద్దు, ఎమల్షన్ విరిగిపోతుంది. పైన పసుపు నూనె చారలు తేలితే ఆ బ్యాగును పారేయాల్సిందే. కలిపిన బ్యాగుకు వెలుతురు తగలకుండా తొడుగు వేయండి, ఎండ పడితే విటమిన్ ఎ ముందు పోతుంది. ట్యూబులో 1.2 మైక్రాన్ల ఫిల్టరు ఉండాలి.

ఇంకో మాట. బ్యాగు సగంలో ఆపేస్తే విటమిన్లూ సగమే వెళ్లినట్టు. చార్టులో "ఇచ్చాం" అని ఉంటుంది గానీ మిగిలిన సగం చెత్తబుట్టలో ఉంటుంది.

అందరికీ ఒకే ఆంప్యూల్ సరిపోదు. విరేచనాలు, ఫిస్టులా (పేగు ద్రవం బయటికి కారే అసహజ దారి) ఉంటే జింకు ధారాళంగా పోతుంది: చిన్న పేగు ద్రవం లీటరుకు సుమారు 12 మిల్లీగ్రాములు. నిరంతర డయాలిసిస్‌లో థయమిన్, సి, రాగి, సెలీనియం కారిపోతాయి. పిత్తం ఆగిపోయి కామెర్లు వస్తే మాంగనీసు బయటికి వెళ్లే దారి ఉండదు, మెదడులో పేరుకుంటుంది. అలాంటప్పుడు అది లేకుండా విడివిడి ఇంజెక్షన్లు వాడండి. రాగి కూడా పిత్తంలోనే పోతుంది గనక దాన్నీ ఆపేస్తుంటారు, ఇక్కడే పొరపాటు జరుగుతుంది. నెలల తరబడి రాగి లేకపోతే రక్తహీనత, తెల్లకణాల తగ్గుదల మొదలై వెన్నుపాము దాకా దెబ్బతింటుంది. రక్తంలో స్థాయి చూసి తగ్గించండి, గుడ్డిగా మానొద్దు.

వీటి స్థాయిలు చూసే రక్తపరీక్షతో పాటు సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే పరీక్ష) కూడా పంపండి. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు లోపం లేకపోయినా జింకు, సెలీనియం, విటమిన్ ఎ తక్కువగా చూపిస్తాయి. రాగి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, అప్పుడు మామూలుగా కనిపించే రాగిని నమ్మకండి. ఇంట్లో దీర్ఘకాలం ఎక్కించుకునేవాళ్లకు 6 నుంచి 12 నెలలకోసారి చూస్తే చాలు.

మల్టీవిటమిన్ దొరక్కపోతే బ్యాగును ఉత్తిగా ఎక్కించకండి. థయమిన్, సి, బి6, ఫోలిక్ ఆమ్లం విడి ఇంజెక్షన్లుగా రోజూ, బి12 నెలకోసారైనా ఇవ్వండి. పేగు కాస్తయినా పీల్చుకోగలిగితే మిగతావి నోటి ద్వారా ఇవ్వొచ్చు.