మేనేజర్ మారితే ముందు కాగితాలు చూసుకోండి: అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళకి

బ్యాంకు ఖాతా, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు), లైసెన్సు సంగతులు ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకున్న మేనేజర్ ఏదో ఒక రోజు వెళ్ళిపోతాడు, ఆయనతోపాటు ఆయన ఇచ్చిన మాటలూ పోతాయి.

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. కొత్త డైరెక్టర్ వచ్చి టీమ్‌ని రెండు ముక్కలు చేశాడట. పాతవాళ్ళు ఒక్కొక్కరే జారుకుంటున్నారు, మీటింగుల్లో ఎవరూ నోరు విప్పట్లేదు. వీడేమో కొత్తాయన మెప్పు కోసం శనాదివారాలు కూడా పనిచేస్తున్నాడు. గ్రీన్‌కార్డ్ ఎంతవరకు వచ్చిందిరా అంటే, "పాత మేనేజర్ మొదలుపెట్టిస్తానన్నాడన్నా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అన్నాడు సరే, కాగితమేది?

నా మొదటి నెలలూ ఇలాగే గడిచాయి. నన్ను తీసుకున్నాయన వెళ్ళిపోయాడు. వచ్చినాయన వారం వారం కూర్చుని మాట్లాడే అలవాటు ఆపేశాడు. కొత్త టార్గెట్లు మెయిల్లో వచ్చిపడేవి, ఎందుకో చెప్పే దిక్కు లేదు. నిన్నటిదాకా చేసిన పనికి లెక్క లేకపోతే ఎంత పనిమంతుడికైనా చెయ్యాడదు. అది మీ చేతకానితనం కాదని ముందు నమ్మండి.

ట్విటర్ సంగతే చూడండి. 2022 అక్టోబరు చివర్లో అది ఎలాన్ మస్క్ చేతికి వెళ్ళింది. నవంబరు 4న దాదాపు సగం మందిని తీసేశారు. 16న మిగిలినవాళ్ళకి మెయిల్: ఎక్కువ గంటలు కష్టపడతారా, మూడు నెలల జీతం తీసుకుని పోతారా, మర్నాటికి తేల్చండి అని. వందలమంది వెళ్ళిపోయారు. ఇక్కడి పౌరుడికి అది కుదురుతుంది. హెచ్‌వన్‌బీ (కంపెనీ పిటిషన్ మీద వచ్చే ఉద్యోగ వీసా) మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇక్కడ ఉండడానికి మహా అయితే 60 రోజులు, ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) గడువు అంతకు ముందే తీరిపోతే అప్పటిదాకే. అందుకే మనవాళ్ళు విసిగిపోయి కూడా నోరు మూసుకుని ఉండిపోతారు.

ఇంకో చిక్కు. మీ ప్రాంతంలో మీలాంటి పని చేసేవాళ్ళని కంపెనీ తీసేస్తే, తర్వాత ఆరు నెలలపాటు పెర్మ్ (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ ముందుగా కార్మికశాఖకి పెట్టే దరఖాస్తు) వేయాలంటే ఆ తీసేసినవాళ్ళకి కబురు పెట్టి, ముందు వాళ్ళని పరిశీలించాలి. ఆ తలనొప్పి ఎందుకని చాలా కంపెనీలు పెర్మ్‌లే ఆపేస్తాయి. కాబట్టి కొత్త మేనేజర్ వచ్చిన వారంలోనే, పెర్మ్ ఏ నెలలో మొదలవుతుందని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. నోటిమాట వద్దు బాబూ, మెయిల్! ఐ-797లు (ఇమిగ్రేషన్ వాళ్ళు పంపే నోటీసులు), పే స్టబ్‌లు (జీతం చీటీలు), ఆఫర్ లెటర్, ఐ-140 (పెర్మ్ తర్వాత గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) నంబరు మీ ఇంట్లో ఉండాలి. ల్యాప్‌టాప్ లాక్ అయ్యాక ఎవరిని అడుగుతారు? మీ కాగితాలే సుమా, కంపెనీ ఫైళ్ళు ముట్టుకోవద్దు.

సరే, ఇంత భయపెట్టాక ఇదీ చెప్పాలి. కంపెనీ చేతులు మారినా, కొత్త యజమాని పాత బాధ్యతలు తీసుకుని మీ పని మారకపోతే హెచ్‌వన్‌బీ మళ్ళీ వేయక్కర్లేదు. ఐ-140 ఆమోదమై 180 రోజులు దాటితే, కంపెనీ వెనక్కి తీసుకున్నా రద్దవదు. వేరే కంపెనీ మీకు హెచ్‌వన్‌బీ పిటిషన్ వేస్తే, అది ఇమిగ్రేషన్ వాళ్ళకి అందగానే అక్కడ చేరొచ్చు. కొత్త మేనేజర్లందరూ చెడ్డవాళ్ళేం కాదు, కొందరికి కుదురుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. నా పెర్మ్ కదిలించింది చివరికి ఆ రెండో ఆయనే. అయినా మీరు మాత్రం హెచ్ఆర్‌కి ఆ మెయిల్ ఈ రోజే పెట్టండి.