ప్యాకర్స్ అండ్ మూవర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎంక్వైరీలను, ఖరారైన షిఫ్టింగులను నమోదు చేసే పద్ధతి

హైదరాబాద్‌లో ఇల్లు మారదలచినవారు సాధారణంగా ఒకే రోజు ముగ్గురు నలుగురు ప్యాకర్స్‌ను ధర అడుగుతారు. జస్ట్‌డయల్, సులేఖ వంటి వేదికల నుంచి వచ్చే ఎంక్వైరీ కూడా ఒక్క సంస్థకే పరిమితం కాదు. కాబట్టి ఫోను పెట్టేసిన వెంటనే వివరాలను సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించే అలవాటు సిబ్బందికి ఉండాలి.

ప్రతి ఎంక్వైరీకీ మొబైల్ నంబరునే గుర్తింపుగా పెట్టుకోవాలి. భర్త ఫోను చేసి, భార్య వాట్సాప్‌లో సామాన్ల ఫొటోలు పంపే సందర్భాలు తరచూ ఉంటాయి గనుక రెండో నంబరును కూడా అదే రికార్డులో చేర్చాలి. లేకుంటే ఒకే ఇంటికి ఇద్దరు ఉద్యోగులు రెండు వేర్వేరు ధరలు చెప్పే ప్రమాదం ఉంది. రెండు చిరునామాలతో పాటు ఎన్నో అంతస్తు, సామాన్లకు లిఫ్టు వాడనిస్తారా, లారీ గేటు దాకా వస్తుందా అనేవి తప్పక రాయాలి. కూలీల సంఖ్యను నిర్ణయించేది ముఖ్యంగా ఇవే.

తేదీ విషయంలో మరింత శ్రద్ధ అవసరం. కస్టమర్ కోరిన తేదీకి, ఖరారైన తేదీకి వేర్వేరు గడులు ఉండాలి. మన కుటుంబాలు చాలావరకు పాలు పొంగించే ముహూర్తం చూసుకున్నాకే సామాన్లు కదిలిస్తాయి. కనుక ఆ ముహూర్తాన్నీ నోట్‌లో రాసుకోవాలి. ఆషాఢం వెళ్లాక చూస్తామన్నవారినీ, మూఢం ఉందని ఆగినవారినీ ‘పోయిన లీడ్’ల (చేజారిన ఎంక్వైరీల) కింద వేయడం సరికాదు. శ్రావణం మొదలవడానికి వారం ముందే మళ్లీ ఫోను చేసేలా రిమైండర్ పెట్టాలి, ఎందుకంటే శ్రావణంలో మంచి రోజులకు లారీలు త్వరగా నిండిపోతాయి.

కొత్తది, సర్వే (ఇంటికి వెళ్లి సామాన్లు చూడటం) అయినది, కొటేషన్ పంపినది, ఖరారైనది, పోయినది అనే అయిదు దశలు చాలు. దశలు పెరిగేకొద్దీ సిబ్బంది వాటిని మార్చడం మానేస్తారు. అయితే ఖరారు కాని ఏ ఎంక్వైరీ అయినా తదుపరి ఫోను తేదీ, బాధ్యుడి పేరు లేకుండా ఉండకూడదు. ధర తగ్గించినప్పుడు పాత కొటేషన్‌ను చెరపకుండా కొత్తదాన్ని పక్కన చేర్చాలి. పోయినదానికి కారణం కూడా రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది: అడ్వాన్స్ ఖాతాలో పడనిదే ఏ ఎంక్వైరీనీ ఖరారైనదిగా మార్చకూడదు. నోటిమాట మీద లారీని కేటాయిస్తే, నెలాఖరు ఆదివారం నాడు నిజమైన కస్టమర్‌ను వెనక్కు పంపవలసి వస్తుంది. అడ్వాన్స్ వచ్చాక కొత్త జాబ్‌ను (ఖరారైన షిఫ్టింగు రికార్డును) మొదటి నుంచి టైపు చేయకుండా అదే రికార్డును జాబ్‌గా మార్చాలి. అప్పుడే సర్వేలో రాసిన సామాన్ల జాబితా, ఒప్పుకున్న ధర, ఏసీ విప్పి మళ్లీ బిగిస్తామన్న మాట, అన్నీ సూపర్‌వైజర్ చేతికి చేరతాయి.

ఆ వెంటనే క్యాలెండర్‌లో లారీని, ప్యాకింగ్ బృందాన్ని కేటాయించి, అపార్ట్‌మెంట్ సంఘం అనుమతించే వేళలను నమోదు చేయాలి. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే సామాన్లకైతే లోడింగ్ తేదీ, డెలివరీ తేదీ విడివిడిగా ఉండాలి. బిల్టీ (లారీ రవాణా రసీదు) నంబరు, వాహనం నంబరు, బీమా వివరాలు అందులోనే చేర్చాలి. వాడిన గృహోపకరణాలకు ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) నుంచి మినహాయింపు ఉంది. కాని అది కొత్త సరుకుకు వర్తించదు గనుక సీలు తీయని టీవీ, ఫ్రిజ్ వంటివాటిని జాబితాలో వేరుగా గుర్తించి, వాటి బిల్లుల ఫొటోలను జతచేయాలి.

డెలివరీ సంతకం, మిగిలిన సొమ్ము, దెబ్బతిన్న వస్తువుల వివరం, ఈ మూడూ నమోదయ్యాకే జాబ్‌ను ముగించాలి. వారానికొకసారి ఏ వేదిక నుంచి ఎన్ని ఎంక్వైరీలు వచ్చాయో మాత్రమే కాక, వాటిలో ఎన్ని ముగిసిన జాబ్‌లయ్యాయో రిపోర్టు తీసి, వచ్చే నెల ప్రకటనల ఖర్చును దాని ప్రకారమే నిర్ణయించాలి.