జలాశయంలో చేపల వేటకు లైసెన్సు: పేరు దగ్గరే ఆగిపోతున్న దరఖాస్తులు

ముచ్చుమర్రి వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఒక పెద్దాయన, మధ్యాహ్నం పన్నెండింటికి మత్స్యశాఖ కార్యాలయం మెట్ల మీద కూర్చుని, ప్లాస్టిక్ సంచిలోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి మోకాలి మీద పరచుకుంటున్నాడు. ఆధార్ ఉంది, ఫొటోలు ఉన్నాయి, కుల ధ్రువీకరణ పత్రం ఉంది. అయినా వెనక్కి పంపారు. ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడ్డ మనిషి అంతా గమనించి, తాను చూసుకుంటానని దగ్గరకు వచ్చాడు. మూడు వేలు తీసుకున్నాడు. రెండు నెలల తర్వాత పెద్దాయన చేతికి వచ్చింది మరెవరిదో పాత లైసెన్సు నకలు. పేరున్న చోట వేరే కాగితం అంటించి జిరాక్సు తీశారు. నీటి మీద తనిఖీకి వచ్చినవాళ్లు పుట్టినీ (గుండ్రని బుట్ట పడవ) వలనూ తీసుకుపోయాకే ఆ సంగతి బయటపడింది. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

దరఖాస్తు కంటే ముందు తేల్చుకోవలసింది ఆ నీరు ఎవరి అధీనంలో ఉందన్నది. శ్రీశైలం వెనుక జలాలు, సుంకేసుల, గాజులదిన్నె, కడప వైపు మైలవరం, బ్రహ్మంసాగర్ వంటి పెద్ద జలాశయాల్లో మత్స్యశాఖ మనిషికింత అని రుసుము తీసుకుని లైసెన్సు ఇస్తుంది. ఊరి చెరువుల సంగతి వేరు. వాటిని మత్స్యకారుల సహకార సంఘానికి కౌలుకు ఇస్తారు, లేదా పంచాయతీ వేలం వేస్తుంది. జలాశయం లైసెన్సు చూపించి కౌలు చెరువులో వల వేస్తే అది దొంగతనం కిందికే వస్తుంది. ఎంతోమంది ఈ తేడా తెలియకనే గొడవల్లో ఇరుక్కుంటున్నారు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. శ్రీశైలం, ఆత్మకూరు, నందికొట్కూరు, పగిడ్యాల మండలాలు నంద్యాల జిల్లాలో చేరాయి. అలవాటు కొద్దీ ఇంకా కర్నూలుకు వచ్చి ఒక రోజు కూలి పోగొట్టుకునేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ముందుగా మీ గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకులు ఉన్నారేమో కనుక్కోండి. లేకుంటే మీ మండలం ఏ మత్స్యశాఖ అధికారి పరిధిలోకి వస్తుందో అక్కడే అడిగి బయలుదేరండి.

దరఖాస్తు నింపడం పెద్ద పని కాదు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఫొటోలు, కుల ధ్రువీకరణ, సంఘ సభ్యత్వ రుజువు, ఏ వలతో ఏ రేవులో వేట చేస్తారన్న వివరం చాలు. చదవడం రాకపోతే బడికి వెళ్లే పిల్లలున్న ఇంట్లో పావుగంట పని.

చిక్కంతా సభ్యత్వ రుజువు దగ్గరే. మన సంఘాల రిజిస్టర్లు పాతవి. ముప్పై నలభై ఏళ్ల కిందట ఊళ్లో ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే రాసుకున్నారు. రిజిస్టరులో ‘పెద్ద మద్దిలేటి’ అని ఉంటుంది, ఆధార్‌లో ‘మద్దిలేటి స్వామి’ అని ఉంటుంది. ఇంటిపేరు ఒక దాంట్లో ఉంటే ఇంకో దాంట్లో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. తండ్రి పేరు దగ్గర తాత పేరు పడి ఉంటుంది. మనిషి ఒకడే అని ఊరంతా చెప్పినా, బల్ల అవతల కూర్చున్న ఉద్యోగికి కనిపించేది రెండు పేర్లే. మెట్ల మీద కూర్చున్న పెద్దాయన ఆగిపోయింది ఇక్కడే. అది మూడు వేల పని కాదు, దళారి చేయగలిగిన పని అంతకన్నా కాదు.

ఇలాంటప్పుడు చాలామంది మొదట ఆధార్ కేంద్రానికి పరుగెత్తుతారు. దయచేసి ఆ తొందర వద్దు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం సాధారణంగా జీవితంలో రెండుసార్లే ఇస్తారు. పైగా రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, కుల ధ్రువీకరణ అన్నీ ఆధార్ పేరుతోనే ఉంటే, దాన్ని కదిలిస్తే మిగతావన్నీ కదులుతాయి. సరిచేయవలసింది సంఘం రిజిస్టరును. అధ్యక్షుడికీ కార్యదర్శికీ తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఆధార్ నకలు జతచేసి, ఫలానా సభ్యుడు, ఫలానా పేరు గల వ్యక్తి ఒక్కరేనని పాలకవర్గం తీర్మానం చేయించండి. తీర్మానం తేదీ, సంఘం ముద్ర, సంతకాలు ఉన్న నకలు తీసుకుని దరఖాస్తుకు జతచేయండి. నోటి మాటగా ‘చెప్తాంలే’ అంటే ఒప్పుకోవద్దు. పాలకవర్గంలో తగాదాలుండి సంతకం పెట్టకపోతే ఆ అర్జీ నకలుతో మత్స్యశాఖ అధికారిని కలవండి. అక్కడా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు సంఖ్య చేతిలో ఉంటే తర్వాత అడిగే బలం ఉంటుంది.

భర్త పోయిన ఆడవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. ఆయన లైసెన్సుతోనే వేటకు పోవచ్చని అనుకుంటారు. పోకూడదు. లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి ఇచ్చేది కాదు. ఆమె తన పేరుతో సభ్యత్వం తీసుకోవాలి. కొత్త సభ్యత్వానికి ఈత, వల విసరడం వంటి వాటిలో నైపుణ్య పరీక్ష పెడతారని విని భయపడే అక్కచెల్లెళ్లు ఉన్నారు. చిన్నప్పటి నుంచి పుట్టిలో తెడ్డు వేసిన మనిషికి ఆ పరీక్షలో భయపడవలసింది ఏమీ లేదు.

రుసుమును ప్రభుత్వ ఖాతాకు చలానాగా కట్టాలి. ఎవరి చేతికీ డబ్బు ఇవ్వవద్దు. చలానా రసీదు డబ్బు కట్టినట్టు రుజువే కానీ లైసెన్సు కాదు. అధికారి సంతకం, ముద్ర, మీ ఫొటో, జలాశయం పేరు, గడువు తేదీ ఉన్న కాగితం చేతికి వచ్చేదాకా నీళ్లలోకి దిగకండి. వలలకూ పుట్టికీ పెట్టుబడి పెట్టే షావుకారు లైసెన్సును తన దగ్గర దాచుకుంటానంటే నకలు ఇవ్వండి, అసలు మాత్రం ఇవ్వకండి.

ఇక నీటి మీద పాటించవలసినవి. మరీ సన్నని కళ్లుండే అలివి వలల జోలికి పోవద్దు. వేలెడంత లేని బొచ్చె, శీలావతి పిల్లలు కూడా ఆ సన్నని కళ్లలో చిక్కుకుని ఒడ్డున కుప్పలుగా పడి ఉండడం ఒకసారి చూస్తే మళ్లీ ఆ వల ముట్టాలనిపించదు. అవి రెండు కిలోలయ్యాక దొరకవలసిన చేపలు. తూటాలు పేల్చడం, నీళ్లలో విషం కలపడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నేరం. వరద కొత్త నీటికి ఎదురీది చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట నిషేధం ఉంటే దాని తేదీలు లైసెన్సు తీసుకునే రోజే అడిగి రాసుకోండి. శ్రీశైలం జలాల్లో అవతలి ఒడ్డు తెలంగాణ. చేపల వేట రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి మన లైసెన్సు అక్కడ పనికిరాదు. ఇటువైపు పులుల అభయారణ్యం హద్దు దాటితే అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. వలలో మొసలి పడితే వల కోసి వదిలేయండి. దాన్ని చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలుకు పోవలసి వస్తుంది.

కర్నూలు నగరంలోని పార్కుల్లో సరదాగా గాలం వేసే కుర్రాళ్లకు కూడా ఒక మాట. జలాశయం లైసెన్సు పార్కు కొలనుకు చెల్లదు. అక్కడ నగరపాలక సంస్థ నిబంధనే నిబంధన. గేటు దగ్గర బోర్డు చదివి, సిబ్బందిని అడగండి. నందికొట్కూరు దారిలో గార్గేయపురం నగరవనం అటవీ శాఖది. అక్కడి చెరువుకు వలస పక్షులు వస్తాయి. తెగిన నైలాన్ దారం ఒడ్డున వదిలేస్తే అది వాటి కాళ్లకు చుట్టుకుని మాంసం దాకా కోస్తుంది.

లైసెన్సు చేతికి వచ్చిన రోజే ఇంకొక పని ముగించుకోండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా ఉంది. వయసు 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండాలి. ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి. ప్రమాదంలో మరణిస్తే 5 లక్షలు, ఆస్పత్రి ఖర్చుకు 25 వేల దాకా వస్తాయి. జాబితాలో మీ పేరు ఉందో లేదో సచివాలయంలో చూపించమనండి. నామినీ పేరు కూడా వాళ్ల ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం తప్పకుండా అలాగే రాయించండి.