చెన్నై ఉక్కలో పెళ్లికూతురి మేకప్ మీరే వేసుకోవడం ఎలా?

చెన్నైలో పెళ్లి మేకప్‌కి ఆర్టిస్టును పిలిస్తే ఒక్క పూటకే పదిహేను, ఇరవై వేలు అడగడం మామూలైపోయింది. చేయి కాస్త అలవాటైతే అదే పని ఐదు వేల సామానుతో మీరే చేసుకోవచ్చు. కాకపోతే ఫోన్‌లో కనిపించే పెళ్లి మేకప్ వీడియోలు చాలావరకు ఏసీ గదిలో కూర్చుని ఫొటో దిగేవాళ్లకి పనికొచ్చేవి. మన పెళ్లిలో నెత్తిన జీలకర్ర బెల్లం పెడతారు, నుదుటికి బాసికం కడతారు, తలంబ్రాలు పోస్తారు, హోమం పొగ కళ్లలోకి కొడుతుంది, మధుపర్కాలు కట్టుకోవాలి. ఇన్నింటికీ నిలబడేలా వేసుకోవడమే అసలు పని. రంగుల సంగతి ఆ తర్వాత.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఐదు వేలలో మూడు వేలు నాలుగు వస్తువులకే కేటాయించండి: ఫౌండేషన్, కన్సీలర్ (మచ్చలు, నల్లటి వలయాలు కప్పేది), లూజ్ పౌడర్, సెట్టింగ్ స్ప్రే (మేకప్‌ని కదలకుండా పట్టి ఉంచేది). చెమటకి ముందుగా దెబ్బతినేది ముఖం మీది ఈ పొరే. మిగతా రెండు వేలలో వాటర్‌ప్రూఫ్ ఐలైనర్, మస్కారా, ఒక చిన్న ఐషాడో పాలెట్, లిప్ లైనర్, లిప్‌స్టిక్, ప్రైమర్ (ఫౌండేషన్ కింద రాసేది), ఒక స్పాంజ్, మూడు బ్రష్షులు వచ్చేస్తాయి. ఐషాడోలో మట్టిరంగు, ముదురు కాఫీ రంగు, నలుపు, బంగారు రంగు, మెరూన్ ఉంటే చాలు. హైలైటర్ కొనకండి. చెన్నై చెమటలో అది మెరుపులా కాక జిడ్డులా కనిపిస్తుంది.

సవరం, జడకుచ్చులు, పిన్నులు, గిల్టు నగలు షావుకారుపేట, ప్యారీస్ కార్నర్ వీధుల్లో చవగ్గా దొరుకుతాయి, బేరం కూడా ఆడొచ్చు. ముఖానికి పూసేవి మాత్రం బిల్లిచ్చే షాపులోనే తీసుకోండి, పాండీ బజార్‌లో అయినా మీ పేటలో అయినా సరే. డబ్బా మీద బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, తయారీదారు చిరునామా, విదేశీ సరుకైతే దిగుమతి చేసినవాళ్ల వివరాలు ఉన్నాయో లేదో చూడండి. అవేవీ లేకుండా పెద్ద బ్రాండు పేరుతో సగం ధరకి ఇస్తున్నారంటే నకిలీ అని అనుమానించాల్సిందే.

ఫౌండేషన్ రంగు చేతి మీద చూసి కొనొద్దు. దవడ అంచున మూడు షేడ్లు గీతలుగా రాసుకుని షాపు బయటికి వచ్చి, పగటి వెలుతురులో చూడండి. పావుగంట ఆగండి. చాలా ఫౌండేషన్లు గాలి తగిలి, ముఖంలోని నూనెతో కలిసి కాస్త ముదురుతాయి. ఆ తర్వాత కూడా మెడతో కలిసిపోయిన గీతే మీ షేడ్. తెల్లగా కనిపించాలని ఒక షేడ్ తగ్గించి తీసుకుంటే చామనఛాయ ముఖం బూడిద పూసినట్టు అవుతుంది. ఇది ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లు మొదట పట్టుబట్టేది ఇక్కడే.

పెళ్లికి ముందు

కొన్నవన్నీ మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు గమనించండి. దురద, దద్దురు వస్తే ఆ వస్తువు పక్కన పెట్టేయండి. ఫేషియల్ చేయించుకోవాలంటే పది రోజుల ముందే చేయించుకోండి, త్రెడింగ్‌కి రెండు మూడు రోజుల ముందు చాలు. చివరి వారంలో కొత్త క్రీము ఏదీ ముఖానికి తగలనీయొద్దు.

ట్రయల్ కనీసం రెండుసార్లు వేసుకోవాలి. మొదటిసారి చేయి అలవాటు కావడానికి. రెండోసారి మాత్రం గడియారం పెట్టుకుని, ముఖానికి మేకప్ వేశాక ఫ్యాను తీసేసి వంటింట్లో గంటసేపు గడపండి. ఎక్కడ పగులుతోందో, ఎక్కడ కరుగుతోందో అప్పుడు తెలుస్తుంది. పొరలు చిన్న చిన్న ఉండల్లా రాలుతుంటే ప్రైమర్‌కీ ఫౌండేషన్‌కీ పడటం లేదన్నమాట: సిలికాన్ ప్రైమర్ మీద నీళ్లు ఎక్కువున్న ఫౌండేషన్ వేస్తే తరచూ ఇలాగే అవుతుంది. చివరగా గదిలో లైటు తీసేసి ఫ్లాష్‌తో ఫొటో తీయించుకోండి. ముఖం తెల్లగా సున్నం కొట్టినట్టు వస్తే కారణం ఎస్‌పీఎఫ్ ఉన్న క్రీము కావచ్చు, సిలికా పౌడర్ ఎక్కువై కావచ్చు. ఒక్కొక్కటి తీసేసి మళ్లీ ఫొటో తీస్తే దోషి ఏదో దొరుకుతుంది.

పసుపు సంగతి

నలుగు, మంగళస్నానం అయ్యాక ముఖాన పసుపు చాయ మిగులుతుంది. దాని మీదే ఫౌండేషన్ వేస్తే మీరు ఎంచుకున్న షేడ్ ఇంకో రంగు అవుతుంది. పసుపు రంగు నీళ్లకి సరిగా వదలదు, నూనెకి వదులుతుంది. కాస్త కొబ్బరినూనె రాసి మెత్తని గుడ్డతో అద్ది తీసి, ఆపైన ఫేస్‌వాష్‌తో కడుక్కోండి. సున్నిపిండితో గట్టిగా రుద్దితే ముఖం ఎర్రబడి, మేకప్ కింద మండుతుంది.

ముహూర్తం రోజు

ఉదయం ఆరున్నరకి ముహూర్తమైతే మూడున్నరకల్లా అద్దం ముందుండాలి. ముఖానికి గంటన్నర, జడకీ చీరకీ నగలకీ మిగతాది. జడ మాత్రం ఇంకొకరు వేయాల్సిందే. ఆ వేళకి పగటి వెలుతురు ఉండదు కాబట్టి ముఖానికి ఎదురుగా తెల్ల లైటు పెట్టుకోండి. నెత్తిమీద ట్యూబ్‌లైటు ఒక్కటే ఉంటే కళ్ల కింద నీడ పడి, లేని నల్లటి వలయాలకి కన్సీలర్ రాస్తూ పోతారు. జాకెట్టు, లంగా ముందే వేసుకుని, మీద ముందు గుండీలున్న చొక్కా తొడుక్కోండి.

మాయిశ్చరైజర్ పలుచగా రాసి పది నిమిషాలు ఆగండి. ముందు కళ్లు పూర్తి చేయండి, ఐషాడో పొడి బుగ్గల మీద రాలితే తుడిచేయొచ్చు. రెప్ప మీద చుక్క కన్సీలర్, దాని మీద మట్టిరంగు. కంటి బయటి మూలకి కాఫీ రంగు. మధ్యలో వేలితో బంగారు రంగు అద్దండి. బ్రష్‌తో కంటే వేలితో అద్దితేనే ఆ రంగు బాగా అంటుతుంది. ఐలైనర్ గీశాక దాని మీద నల్ల ఐషాడో సన్నని బ్రష్‌తో అద్దితే పొగకి కళ్లు నీళ్లు పెట్టినా కారదు. కింది రెప్ప లోపల కాటుక వద్దు. హోమం దగ్గర మొదట కారేది అదే. కావాలంటే రెప్ప బయటి అంచున సన్నగా పెట్టుకోండి. పెట్టుడు రెప్ప వెంట్రుకలకి జిగురు రాసి అర నిమిషం ఆగి, అది జిగటగా మారాకే అతికించండి. వెంటనే పెడితే జారిపోతాయి.

ఇక ముఖం. శెనగగింజంత ప్రైమర్ ముక్కు పక్కలకీ నుదుటికీ. కళ్ల కింద నలుపుంటే ముందు నారింజ రంగు కరెక్టర్ చాలా పలుచగా, దాని మీద కన్సీలర్. ఫౌండేషన్ ఒక పంపు తీసుకుని ముక్కు దగ్గర మొదలుపెట్టి అంచులకి పోండి. స్పాంజ్ తడిపి గట్టిగా పిండి, రుద్దకుండా అద్దాలి. చాలకపోతే చాలని చోటే ఇంకో అరపంపు. మెడకి స్పాంజ్‌లో మిగిలింది చాలు, ఎందుకంటే మధుపర్కం చీర తెల్లది, దాని మీద ఫౌండేషన్ మరక ఆ రోజు ఫొటోలన్నింట్లోనూ ఉండిపోతుంది. లూజ్ పౌడర్ పఫ్‌తో నొక్కండి, తర్వాత సెట్టింగ్ స్ప్రే కొట్టి కదలకుండా ఆరనివ్వండి. పౌడర్, స్ప్రే, మళ్లీ పలుచగా పౌడర్, మళ్లీ స్ప్రే: ఈ రెండో విడతే చెన్నైలో మధ్యాహ్నం దాకా కాపాడుతుంది.

నుదుటికి ఫౌండేషన్ మిగతా ముఖం కంటే తక్కువ వేయాలి. బాసికం దారం ఒరుసుకున్నచోట మందపు పొర ఊడి గీత పడుతుంది. స్ప్రే పూర్తిగా ఆరాకే బాసికం కట్టించుకోండి. కల్యాణ తిలకం కనుబొమల మధ్య కాస్త కిందికి పెట్టుకుంటే బాసికం కింద దాగిపోదు. స్టిక్కర్ అతికించే ముందు అంతమేర ఫౌండేషన్ తుడిచేయండి. కుంకుమే కావాలంటే కింద కాస్త మైనం రాస్తే ముక్కు మీద రాలదు. బుగ్గ చుక్కకి కాటుక కంటే వాటర్‌ప్రూఫ్ ఐలైనర్ నయం.

పెదవులకి లైనర్‌తో అంచు గీసి లోపలంతా నింపండి. లిప్‌స్టిక్ వేసి టిష్యూ అద్ది, టిష్యూ మీదుగానే కాస్త పౌడర్ కొట్టి, రెండో పూత వేయండి.

పీటల మీద

నడినెత్తిన జుట్టు పఫ్ చేయొద్దు. జీలకర్ర బెల్లం పడగానే అది అణిగిపోతుంది, చిక్కుపడితే వదలదు. పాపిడి బిళ్ల కాస్త ముందుకి పిన్ను చేసి ఆ చోటు ఖాళీగా ఉంచండి. నూరేవాళ్లకి నీళ్లు పోయొద్దని ముందే చెప్పండి, బెల్లం తడే సరిపోతుంది. తమలపాకులో పెట్టి ఇస్తే నుదుటి మీదికి కారదు.

తలంబ్రాల పసుపు ముఖాన పడితే చేత్తో తుడవకండి, పచ్చగా పులుముకుపోతుంది. పొడి బ్రష్‌తో దులిపేయాలి. చెల్లెలి దగ్గరో వదిన దగ్గరో ఒక సంచి ఉంచండి: టిష్యూలు, పౌడర్ పఫ్, లిప్‌స్టిక్, దూదిపుల్లలు, ఆ బ్రష్. చెమటని టిష్యూతో అద్ది తీశాకే పౌడర్. తడి మీద పౌడర్ వేస్తే ముద్దకడుతుంది. అప్పగింతలప్పుడు కన్నీళ్లు వస్తే టిష్యూ మూల మడిచి కింది రెప్ప దగ్గరే అందుకోమనండి, బుగ్గ దాకా జారనీయకుండా.

రాత్రి ఎంత అలసిపోయినా మేకప్‌తో పడుకోవద్దు. కొబ్బరినూనె దూదితో ముఖమంతా తుడిచి, ఫేస్‌వాష్‌తో కడుక్కోండి. పెట్టుడు రెప్ప వెంట్రుకల మీద నూనె దూదిని నిమిషంపాటు ఉంచితే జిగురు మెత్తబడి వాటంతటవే ఊడొస్తాయి. లాగితే సొంత రెప్ప వెంట్రుకలు కూడా వచ్చేస్తాయి.