తేడా మేనేజర్‌లోనా, కంపెనీలోనా? సాఫ్ట్‌వేర్ ఆఫీసు సమస్యలు - పరిష్కారాలు

కంపెనీ మారిపో అనే సలహా ఎవరైనా ఇస్తారు. తేడా ఎక్కడుందో తేల్చుకోకుండా మారితే హైక్‌తో పాటు పాత టెన్షన్ కూడా వెంట వస్తుంది. అందుకే ముందు ఒక పని చేయండి. అదే కంపెనీలో వేరే టీమ్‌లలో ఉన్న ఇద్దరు ముగ్గురిని కదపండి. మీ బాధ వాళ్లకు వింతగా అనిపిస్తే తేడా మీ మేనేజర్‌లోనో ప్రాజెక్టులోనో ఉంది, లోపలే టీమ్ మారితే సరిపోవచ్చు. "మాకూ అంతే" అని నవ్వేస్తే తేడా పైనుంచే వస్తోంది, రెజ్యూమె దులపండి.

సమస్య: ప్రతి రిలీజ్‌కూ (కొత్త వెర్షన్ విడుదలకూ) రాత్రి రెండింటి దాకా పని

కారణం: ఎస్టిమేట్ మిమ్మల్ని అడిగేసరికే సేల్స్ వాళ్లు క్లయింట్‌కు తేదీ ఇచ్చేసి ఉంటారు. మీరు ఆరు వారాలంటే "నాలుగులో అవ్వదా?" అంటారు. అవ్వదని పైవాళ్లకు చెప్పే ధైర్యం మేనేజర్‌కు ఉండదు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. అసలు చిక్కు టైమ్‌షీట్‌లో ఉంది. పన్నెండు గంటలు పని చేసి, చెప్పినట్టే ఎనిమిది అని నింపుతారు. మిగతా నాలుగు గంటలు ఏ రికార్డులోనూ ఉండవు. తర్వాతి ప్రాజెక్టుకు ఎస్టిమేట్ వేసేటప్పుడు పాత లెక్కలు తీస్తే, ఆ పని నాలుగు వారాల్లో హాయిగా అయిపోయినట్టే కనిపిస్తుంది. దాంతో మళ్లీ అదే డెడ్‌లైన్. మేనేజర్ మారినా ఈ లెక్క మారదు.

పరిష్కారం: నిజంగా పట్టిన సమయాన్ని జీరాలో (పనులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో) ఆ పని టికెట్ దగ్గరే రాయండి. టైమ్‌షీట్ ఒప్పుకోకపోతే ఒక మెయిల్ పెట్టండి: "శనివారం చేసిన ఆరు గంటలు ఎక్కించడం కుదరలేదు, కాంప్-ఆఫ్ (బదులు సెలవు) ఎప్పుడు తీసుకోమంటారు?" ఇందులో గొడవ లేదు, కానీ రికార్డు ఉంది. స్ప్రింట్ (కొన్ని వారాల పని విడత) మధ్యలో కొత్త పని వచ్చి పడితే "కుదరదు" అనకుండా "ఇది చేయాలంటే వీటిలో ఏది పక్కన పెట్టమంటారు?" అని గ్రూప్ చాట్‌లో అడగండి. జవాబు చెప్పాల్సిన బాధ్యత అప్పుడు వాళ్లది. నాలుగైదు స్ప్రింట్లు ఇలా చేసినా "అన్నీ కావాలి" అనే జవాబే వస్తుంటే ఆ మేనేజర్ దగ్గర ఇక ఆశ పెట్టుకోవద్దు.

సమస్య: ఏడాదంతా మెచ్చుకుని, చివర్లో తక్కువ రేటింగ్

కారణం: చాలాసార్లు బెల్ కర్వ్. ఎంతమందికి ఏ రేటింగ్ ఇవ్వాలో కోటా ముందే ఉంటుంది, మీ తరఫున గట్టిగా మాట్లాడే మేనేజర్ లేకపోతే కింది గడిలో మీరు పడతారు. మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతిని 2013లోనే వదిలేసింది. మన దగ్గర పేరు మార్చి కొనసాగించేవాళ్లు ఇంకా ఉన్నారు.

పరిష్కారం: మేనేజర్‌తో విడిగా జరిగే ప్రతి వన్-ఆన్-వన్ మీటింగ్ తర్వాత ఏం మాట్లాడుకున్నారో రెండు లైన్లు మేనేజర్‌కు మెయిల్ చేయండి. ఏడాది చివర్లో అవే మీ సాక్ష్యం. ఆఫీసు మెయిళ్లు మాత్రం సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేయకండి. క్లయింట్ డేటా బయటికి పంపారని ఉద్యోగమే తీసేయొచ్చు.

సమస్య: ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడుతున్న సిస్టమ్‌లో) ఏదైనా పగిలితే కాల్‌లో అందరి ముందూ అరుపులు

కారణం: "ఎలా జరిగింది?" అని అడగాల్సిన చోట "ఎవరు చేశారు?" అని అడిగే అలవాటు. దాని ఫలితం ఇంకా ఘోరం. అందరూ తప్పులు దాచడం మొదలుపెడతారు, తర్వాతిసారి సిస్టమ్ ఆగిపోవడం (అవుటేజ్) మరింత పెద్దదవుతుంది.

పరిష్కారం: పేర్లు లేని రిపోర్ట్ మీరే మొదలుపెట్టండి. ఎన్ని గంటలకు ఏం జరిగింది, ఏ టెస్ట్ దీన్ని పట్టుకోలేదు, రోల్‌బ్యాక్‌కు (పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడానికి) ఎందుకు ఆలస్యమైంది, అంతే. అయినా అరుపులు ఆగకపోతే తేదీ, మాటలు, అప్పుడు అక్కడున్నవాళ్లు ఎవరో రాసుకుని హెచ్‌ఆర్‌కు మెయిల్ చేయండి. వాళ్లు జీతం తీసుకునేది కంపెనీ దగ్గరేనన్నది మర్చిపోవద్దు.

లైంగిక వేధింపులైతే దారి వేరు. 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి. మహిళా ఉద్యోగులు 3 నెలల్లోపు దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు గడువు ఇవ్వొచ్చు. హెచ్‌ఆర్‌తో కాఫీ తాగుతూ చెప్పుకున్నది ఫిర్యాదు కిందికి రాదు.

సమస్య: పిఐపిలో (పనితీరు మెరుగుపరుచుకోమని గడువిచ్చే ప్లాన్‌లో) పెట్టారు

టార్గెట్లు అంకెల్లో ఉంటే ప్రయత్నించొచ్చు. "ఓనర్‌షిప్ పెరగాలి" లాంటి మాటలే ఉంటే పంపించేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నారని అర్థం. రెండిట్లో ఏదైనా ఇంటర్వ్యూలు ఆ రోజే మొదలుపెట్టండి. "మీరే రిజైన్ చేయండి" అంటే అక్కడికక్కడ సంతకం పెట్టకండి. నోటీస్ జీతం, రిలీవింగ్ లెటర్ సంగతి మెయిల్‌లో రానివ్వండి. అమెరికాలో హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే అక్కడ ఉండనిచ్చే గ్రేస్ గడువు గరిష్ఠంగా 60 రోజులే, ఐ-94 (అమెరికాలో ఉండటానికి ఇచ్చిన అనుమతి రికార్డు) గడువు అంతకన్నా ముందే ముగిస్తే ఇంకా తక్కువ.

సమస్య: జీతం ఆలస్యం

కారణం వెతకొద్దు, డబ్బు లేదు. ఈపీఎఫ్‌వో (పీఎఫ్ సంస్థ) పాస్‌బుక్ తెరవండి. ఒక నెల పీఎఫ్ తర్వాతి నెల 15లోపు జమ కావాలి. పేస్లిప్‌లో కోత ఉండి పాస్‌బుక్‌లో జమ లేకపోతే ఈపీఎఫ్‌వో ఫిర్యాదుల పోర్టల్‌లో రాయండి, బయటి దారి కూడా చూసుకోండి. టౌన్‌హాల్ మీటింగ్‌లో ఫౌండర్ చెప్పే "మనమంతా ఒక ఫ్యామిలీ" కబుర్లు మీ ఈఎంఐ కట్టవు.

సమస్య: వెళ్దామంటే బాండ్ (ఇంతకాలం మానేయనని, మానేస్తే డబ్బు కడతానని రాసిచ్చిన ఒప్పందం), 90 రోజుల నోటీస్

మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ముందు సాధారణంగా నిలవదు. అలాగని బాండ్లేవీ చెల్లవని స్నేహితులు చెప్పేది నమ్మకండి. గడువుకు ముందే మానేసిన బ్యాంకు ఉద్యోగి 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. మొత్తం పెద్దదైతే లాయర్‌కు కాగితం చూపించాకే రాజీనామా పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరేటప్పుడే ఇవ్వకూడదు. ఇచ్చి ఉంటే రాజీనామాకు ముందే వెనక్కి తీసుకోండి. ఐదేళ్లకు నెలో రెండు నెలలో తక్కువుంటే గ్రాట్యుటీ కోసం ఆగడం లాభమేమో లెక్కేసుకోండి. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున వస్తుంది, నెలను 26 రోజులుగా లెక్కిస్తారు.