ఫోను ఏ నెట్‌వర్కును పట్టుకోవాలో మనమే నిర్ణయించడం – మూడవ పాఠం

సిగ్నల్ గీతల పక్కన కనిపించే ‘E’ (2జీ), ‘H’ (3జీ), 4జీ, 5జీ గుర్తుల్లో ఏది ఏ తరం నెట్‌వర్కుకు చెందినదో కిందటి పాఠంలో తెలుసుకున్నాం. ఆ తరాల్లో వేటిని ఫోను వాడుకోవచ్చో, వేటి జోలికి పోకూడదో మనమే నిర్ణయించే పద్ధతిని ఈ పాఠంలో నేర్చుకుందాం.

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్ విభాగం తెరిచి, సిమ్ పేరు నొక్కితే ‘ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్’ అనే వరుస ఉంటుంది. కొన్ని ఫోన్లలో దాని పేరు ‘నెట్‌వర్క్ మోడ్’. అక్కడ 4జీని ఎంచుకున్నవారిలో చాలామంది ఇక ఫోను 4జీలోనే ఉంటుందని అనుకుంటారు. నిజానికి మనం అక్కడ పెట్టేది పై హద్దు మాత్రమే. 4జీ దొరకని చోట ఫోను చడీచప్పుడు లేకుండా 2జీకి దిగిపోతుంది. కింది హద్దు పెట్టడానికి 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ‘అలో 2జీ’ అనే వేరే మీట ఉంది గాని, మోడెమ్ (నెట్‌వర్కుతో మాట్లాడే చిప్) కూడా సహకరించాలి కాబట్టి అది అన్ని ఫోన్లలోనూ కనిపించదు. ఐఫోన్‌లో ‘వాయిస్ అండ్ డేటా’ కింద 5జీ ఆన్, 5జీ ఆటో, ఎల్‌టీఈ (అంటే 4జీ) అనే ఎంపికలుంటాయి. 2జీని ఆపాలంటే మాత్రం ఐఓఎస్ 17 నుంచి లాక్‌డౌన్ మోడ్ అనే కట్టుదిట్టమైన రక్షణ ఏర్పాటును ఆశ్రయించాలి, అయితే అది ఇంకా ఎన్నో సౌకర్యాలను కట్టిపడేస్తుంది కనుక అందరికీ తగినది కాదు.

2జీని ఆపవలసిన అవసరమేమిటి? 2జీలో ఫోను తానెవరో టవర్‌కు రుజువు చేసుకుంటుంది గాని, టవర్ తానెవరో ఫోనుకు రుజువు చేయనక్కరలేదు. ఈ లోపాన్ని ఆసరా చేసుకుని మోసగాళ్లు నకిలీ టవర్ పరికరంతో చుట్టుపక్కల ఫోన్లను 2జీకి లాగి, బ్యాంకు పేరుతో నేరుగా ఎస్ఎంఎస్‌లు పంపగలరు. 3జీ నుంచి రుజువు రెండు వైపులా తప్పనిసరి అయింది. అందుచేత 2జీతో పని లేనివారు దాన్ని ఆపివేయడమే మేలని నా అభిప్రాయం.

పని ఉందో లేదో తేల్చుకోకుండా మాత్రం మీట ముట్టుకోకండి. జియో 2016లో 4జీతోనే మొదలైంది, దానికి 2జీ, 3జీ లేవు. కాబట్టి ఆ సిమ్‌కు ఈ మీట ఆపినా పోయేదేమీ లేదు. ఎయిర్‌టెల్ 3జీని ఎత్తివేసి 2జీని ఉంచుకుంది. అటువంటి నెట్‌వర్కులో వీఓఎల్‌టీఈ (4జీ మీదే కాల్ నడిపే ఏర్పాటు) ఆపి ఉన్న ఫోనుకు కాల్ వస్తే, అది 2జీకి దిగితేనే మోగుతుంది. దీన్ని పరీక్షించడం తేలిక. ఇంట్లోవారికి కాల్ చేసి, వారు ఎత్తిన తరువాత స్పీకర్ పెట్టి, పైనున్న గుర్తును చూడండి. 5జీ కాస్తా 4జీగా మారితే కంగారు లేదు, మాటలు 4జీ మీద నడుస్తున్నాయని అర్థం. ‘E’ లేక ‘H’ గుర్తు వచ్చినా, డేటా గుర్తే మాయమైనా మీ కాల్ పాత తరం మీద వెళ్తోందన్నమాట. అప్పుడు ముందుగా వీఓఎల్‌టీఈ మీటను వేసి, మళ్లీ కాల్ చేసి చూసిన తరువాతే 2జీ సంగతి ఆలోచించాలి. లేకపోతే వాట్సాప్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది, మీకు కాల్ చేసినవారికేమో మీరు అందుబాటులో లేరని వినిపిస్తుంది. ‘అలో 2జీ’ ఆపినా అత్యవసర కాల్స్‌కు 2జీ వాడుకునే వెసులుబాటు ఉంటుంది.

ఇంకొంచెం లోతుకు వెళ్లాలనుకునేవారు డయలర్‌లో *#*#4636#*#* కొట్టవచ్చు. చివరి నక్షత్రం పడగానే, కాల్ బటన్ నొక్కకుండానే పరీక్షల మెనూ తెరుచుకుంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది పనిచేయదు. అందులో ఫోన్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే, కాల్‌కు ఏ నెట్‌వర్కు, డేటాకు ఏ నెట్‌వర్కు అన్నది విడివిడిగా కనిపిస్తుంది. దిగువన ఎల్‌టీఈ ఓన్లీ, ఎన్ఆర్ ఓన్లీ, ఎన్ఆర్/ఎల్‌టీఈ వంటి పేర్లుంటాయి. ఎన్ఆర్ అంటే 5జీ. ‘ఎన్ఆర్ ఓన్లీ’ పెడితే వేగం పెరుగుతుందని ఆశపడేవారు ఒక్క విషయం గమనించాలి. 2022 అక్టోబరులో మన దేశంలో 5జీ మొదలైనప్పుడు ఎయిర్‌టెల్ ఎంచుకున్న పద్ధతిలో 5జీ తనంతట తాను నిలబడదు, 4జీని ఊతంగా పెట్టుకుని నడుస్తుంది. అటువంటి చోట 4జీని తీసేస్తే 5జీ కూడా పోయి, నో సర్వీస్ మిగులుతుంది. జియోది సొంతంగా నిలబడే 5జీయే అయినా, 5జీ మీద కాల్ కుదరని ఫోను మాటల కోసం 4జీకి దిగవలసిందే. అందువల్ల ‘ఎన్ఆర్/ఎల్‌టీఈ’ దాటి పోవద్దు. ఆ పేజీలోని మొబైల్ రేడియో పవర్ మీటను కదిలించకండి. ఫోను రీస్టార్ట్ చేస్తే మీరు పెట్టిన నెట్‌వర్కు ఎంపిక చెరిగిపోవచ్చు కూడా.

కోరుకున్న తరాన్ని ఎంచుకున్నా ఫోను దాన్ని పట్టుకోకపోతే తప్పు మీదే కానక్కరలేదు. ఆండ్రాయిడ్‌లో వినియోగదారు, సిమ్ కంపెనీ, బ్యాటరీ పొదుపు, 2జీ మీట ఇలా ఒక్కొక్కరి తరఫున ఒక్కో అనుమతి పట్టీ ఉంటుంది. అన్ని పట్టీల్లోనూ ఉన్న తరమే మోడెమ్ దాకా వెళుతుంది. కనుక 5జీ రాకపోతే ముందుగా బ్యాటరీ సేవర్ ఆపి చూడండి.

ఈ వారం అభ్యాసం: పైన చెప్పిన కాల్ పరీక్షను ఒకసారి ఇంట్లో, ఒకసారి సిగ్నల్ బలహీనంగా ఉండే చోట చేసి, గుర్తు ఎలా మారిందో రాసి పెట్టుకోండి. హద్దులు సిమ్‌కు విడిగా ఉంటాయి కాబట్టి రెండు సిమ్‌లున్నవారు రెండింటికీ చేయాలి. విదేశాల్లో రోమింగ్‌లో ఉన్నప్పుడు ఈ హద్దులను ఎలా మార్చుకోవాలో వచ్చే పాఠంలో చూద్దాం.